రాయగడ–పార్వతీపురం లింకు మీద ఎంఎస్‌డీపీ: మూడేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తే, ఎంఎస్‌డీపీ (ఏ ఛానల్ ఎక్కడి నుంచి వస్తోందో ఒక మల్టీకాస్ట్ నెట్‌వర్కు ఇంకోదానికి చెప్పుకునే పద్ధతి; మల్టీకాస్ట్ అంటే ఒకే ప్రసారాన్ని అడిగినవాళ్లందరికీ పంచడం) కబురు మోస్తుంది, బొమ్మను మొయ్యదు. ఈ ముక్క తలకెక్కనంత కాలం స్విచ్‌ను తిట్టుకోవడమే పని.

పార్వతీపురం హెడ్‌ఎండ్‌లో (ఛానళ్లను పోగుచేసి ఇళ్లకు పంపే కేంద్రం) తెలుగు ఛానళ్లు, రాయగడ హెడ్‌ఎండ్‌లో ఒడియా ఛానళ్లు, మధ్యలో ఫైబర్. రాయగడలో ఒకే ఇంట్లో రెండూ అడుగుతారు కాబట్టి పంచుకోక తప్పదు. రెండు వైపులా పిమ్ స్పార్స్ మోడే (అడిగిన చోటికే ఛానల్ పంపే మల్టీకాస్ట్ రూటింగ్) అయినా ఎవరి ఆర్పీ (ఛానల్ పంపేవాళ్లను, అడిగేవాళ్లను కలిపే రూటర్) వాళ్లది. ఆర్పీ పని లేయర్ 3 స్విచ్‌లే (రూటింగ్ కూడా చేసేవి) చేస్తున్నాయి.

అసలు కాన్ఫిగరేషన్ రెండు లైన్లే. రాయగడ స్విచ్‌లో 'ఐపీ ఎంఎస్‌డీపీ పీర్ 10.255.2.1 కనెక్ట్-సోర్స్ లూప్‌బ్యాక్0', అవతల దానికి అద్దంలో బొమ్మలా ఇంకొకటి. పీర్ అంటే అవతలి స్విచ్, లూప్‌బ్యాక్ అంటే స్విచ్ లోపలే ఉండే ఊహా ఇంటర్‌ఫేస్. రెండు లూప్‌బ్యాక్‌లూ ఒకదానికొకటి పింగ్ అవ్వాలి. టీసీపీ పోర్టు 639. పెద్ద ఐపీ ఉన్నవైపు వింటూ కూర్చుంటుంది, చిన్న ఐపీ వైపే పలకరిస్తుంది. అందుకే ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ను వదలాలో, ఏది ఆపాలో చెప్పే జాబితా) పెట్టేటప్పుడు పెద్ద ఐపీ వైపు 639 తెరిచి ఉంచాలి. ఒకవైపు 'లిజన్', అవతల 'కనెక్టింగ్' అని గంటల తరబడి ఉంటే ముందు ఏసీఎల్, తర్వాత పాస్‌వర్డ్ చూడండి.

సెషన్ లేచి, ఎస్‌ఏ (ఎంఎస్‌డీపీ మోసే కబురు) క్యాష్‌లో సోర్సు (ఛానల్‌ను పంపే ఎన్‌కోడర్) కనిపిస్తూ బొమ్మ రాకపోతే తప్పు ఎంఎస్‌డీపీది కాదు. కబురు అందాక ఆర్పీ నేరుగా సోర్సు వైపు పిమ్ జాయిన్ (ఛానల్ పంపమనే అడుగు) పంపుతుంది. ఆ జాయిన్ వెళ్లాలంటే ఎన్‌కోడర్ సబ్‌నెట్‌కు రూటు ఉండాలి, మధ్య లింకు ఇంటర్‌ఫేస్ మీద పిమ్ ఉండాలి. 'వేర్వేరు డొమైన్లు కదా' అని లింకు మీద పిమ్ తీసేసేవాళ్లే ఎక్కువ. ఆపాల్సింది పిమ్‌ను కాదు, బీఎస్‌ఆర్ (ఆర్పీ ఎవరో రూటర్లన్నిటికీ చాటే పద్ధతి) వాడుతుంటే దాని సందేశాలను. అక్కడ బీఎస్‌ఆర్ బోర్డర్ పెడితే చాలు.

క్యాష్‌లో సోర్సే లేకపోతే ఎన్‌కోడర్ టీటీఎల్ (ప్యాకెట్టు ఎన్ని రూటర్లు దాటొచ్చో చెప్పే అంకె) చూడండి. 1 ఉంటే ప్యాకెట్టు మొదటి రూటర్ దగ్గరే ఆగిపోతుంది, ఆర్పీకి రిజిస్టర్ (కొత్త సోర్సు వచ్చిందనే సందేశం) కూడా వెళ్లదు. 16 పెట్టండి.

ఫిల్టర్ లేకుండా ఒక్క రోజు కూడా నడపొద్దు. ఇళ్లలోని టీవీలు, కంప్యూటర్లు 239.255.255.250కి ఎస్‌ఎస్‌డీపీ (పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతి) అరుపులు అరుస్తూనే ఉంటాయి. అవి ఆర్పీ దాకా చేరితే ప్రతి పెట్టే ఒక సోర్సుగా నమోదై క్యాష్‌ను, దాంతోపాటు స్విచ్ హార్డ్‌వేర్ టేబుల్‌ను తినేస్తుంది. ఇంటర్నెట్ కోసం రాసిన ఫిల్టర్‌ను తెచ్చి అతికించినా ప్రమాదమే. అందులో 239.0.0.0/8 మొత్తం మూసేసి ఉంటుంది, మన ఛానళ్లు అందులోనే! రెండు వైపులా 239.10.0.0/16, 239.20.0.0/16 మాత్రమే వదిలి మిగతావి ఆపడం మా పద్ధతి. దానికి తోడు ఎస్‌ఏ లిమిట్. మార్చిన వెంటనే ఫలితం కనిపించలేదని కంగారు పడొద్దు, ఎస్‌ఏలు 60 సెకన్లకోసారి వస్తాయి.

గుణుపురం మూడో పీర్‌గా కలిసినప్పుడే దీని అసలు గుణం బయటపడింది. పీర్ ఆర్‌పీఎఫ్ (కబురు రావాల్సిన పీర్ నుంచే వచ్చిందా అని చూసే) పరీక్షలో నెగ్గని ఎస్‌ఏను స్విచ్ నోరెత్తకుండా పారేస్తుంది. ముగ్గురినీ ఒకే మెష్ గ్రూప్‌లో (అందరూ అందరితో నేరుగా మాట్లాడుకునే గుంపు) పెడితే ఆ బెడద పోతుంది. కానీ గ్రూప్‌లో ఒకరి నుంచి వచ్చిన ఎస్‌ఏ ఇంకొకరికి వెళ్లదు కాబట్టి మూడు సెషన్లూ నిలబడాలి. రెండే ఉంటే ఒక ఊరికి కొన్ని ఛానళ్లు రావు, ఎందుకో లాగ్‌లో కనపడదు.

ఇంకో మాయ. పిమ్ దారి బాగుండి సెషన్ మాత్రమే పడిపోతే, చూస్తున్న ఛానల్ ఆగదు. ఆ ఊళ్లో ఎవరూ చూడని ఛానల్‌ను కొత్తగా పెట్టినవాళ్లకే నల్ల తెర. అందుకే ఫిర్యాదులు ఒక్కో వీధి నుంచి ఒక్కోలా వస్తాయి. సెషన్ పడితే అలారం వచ్చేలా పెట్టడం తప్పనిసరి.

ఎనీకాస్ట్ ఆర్పీ (ఒకే చిరునామాతో ఒకటికి మించి ఆర్పీలు) నడిపేవాళ్లు ఒరిజినేటర్ ఐడీకి (ఎస్‌ఏ ఎవరు పుట్టించారో చెప్పే చిరునామా) ఉమ్మడి లూప్‌బ్యాక్ కాకుండా సొంత లూప్‌బ్యాక్ ఇవ్వాలి. లేదంటే అవతలి స్విచ్ తన ఎస్‌ఏనే తిరిగొచ్చిందనుకుని పడేస్తుంది.

నా మార్కులు ఐదుకు నాలుగు. తగ్గిన ఒకటి ఆ మౌనానికి. ఎంఎస్‌డీపీని నిర్వచించే పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3618 వచ్చింది 2003లో, ఐపీవీ4కే పనికొస్తుంది. మీ సెట్‌టాప్ బాక్సులన్నీ ఐజీఎంపీ (బాక్సు ఛానల్‌ను అడిగే భాష) వెర్షన్ 3 మాట్లాడితే ఛానళ్లను 232.0.0.0/8కి మార్చి ఎస్‌ఎస్‌ఎం (ఏ సోర్సు కావాలో బాక్సే నేరుగా చెప్పే మల్టీకాస్ట్) పెట్టుకోండి, ఆర్పీ గొడవే ఉండదు. పాత బాక్సులు వెర్షన్ 2 దగ్గరే ఆగిపోయాయి కాబట్టే మేం ఇందులో ఉన్నాం. కొనేముందు ఎంఎస్‌డీపీ బేస్ లైసెన్స్‌లో ఉందో, విడిగా కొనాలో అడిగి కాగితం మీద రాయించుకోండి.