పొడపత్రి పొడి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఒకసారి ఇది చూడండి

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే తప్పకుండా చదవండి. "స్వచ్ఛమైన పొడపత్రి ఆకు పొడి, నెలలో ఇంగ్లీషు మాత్రలు మానేయొచ్చు" అన్న ప్రకటన చూసి మా బాబాయి ఒక డబ్బా తెప్పించుకున్నాడు. మాత్రలు మాత్రం మానలేదు, వాటితోపాటే పరగడుపున ఒక చెంచా పొడి. ఏళ్ల తరబడి దిగని షుగర్ టకటకా దిగుతుంటే అందరం సంబరపడ్డాం.

ఒకరోజు తెల్లవారుజామున బనియన్ తడిసిపోయేంత చెమటలు, చేతులు వణుకు, పిలిస్తే పొంతన లేని మాటలు. మీటరు పెడితే 46. 70 కంటే దిగితేనే జాగ్రత్తపడాలంటారు, ఇది 46! గ్లూకోజ్ నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్తే గ్లూకోజ్ ఎక్కించినంతసేపూ బాగానే ఉండి షుగర్ మళ్లీ పడిపోయింది, అందుకే మర్నాటిదాకా పంపలేదు. డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఆకు మందులేమైనా వాడుతున్నారా?" అని. ఇలా లేచి మళ్లీ పడిపోతోందంటే పొడిలో గ్లిబెన్‌క్లమైడ్ లాంటి, చాలాసేపు పనిచేసే షుగర్ మాత్ర నూరి కలిపి ఉంటారని ఆయన అనుమానం. ఇలాంటి కల్తీ కొత్తేమీ కాదట, షుగర్ 'మూలికల'లో ఈ మాత్రలు గతంలో చాలాచోట్ల బయటపడ్డాయి.

అసలు పొడపత్రి సంగతేంటంటే, ఆకులో జిమ్నిమిక్ ఆమ్లాలనే సపోనిన్లు (మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థాలు) ఉంటాయి. నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలకు ఇవి అడ్డుపడతాయి, అందుకే ఆకు నమిలాక పంచదార వేసుకుంటే ఇసక నమిలినట్టుంటుంది, అరగంట దాకా అంతే. పేగుల్లో గ్లూకోజ్ పీల్చుకోవడం తగ్గిస్తాయని, ఇన్సులిన్‌కి కాస్త ఊతమిస్తాయని కూడా అంటారు గానీ దానికి ఆధారం ఎక్కువగా జంతువుల మీద, కొద్దిమంది మనుషుల మీద చేసిన పరీక్షలే. మాత్రలు మానేయమనేంత సత్తా దానికుందని ఎవరూ రుజువు చేయలేదు.

ఇంటికొచ్చాక నేను ఆ పొడి చిటికెడు నాలుక మీద ఓ నిమిషం ఉంచుకుని, పుక్కిలించి పంచదార వేసుకున్నాను. తియ్యగా, శుభ్రంగా తెలిసింది! తెలిసినవాళ్ల పెరట్లో తీగ నుంచి కోసుకొచ్చిన ఆకుతో అదే చేస్తే తీపి అన్నదే లేదు. అంటే డబ్బాలో ఆకు పేరుకే ఉంది, షుగర్ మాత్రం ఆకుని మించి దించింది. అలాగని తీపి తెలియకపోతే ఆ పొడి మంచిదని అనుకోకండి, నిజమైన ఆకులోనూ మాత్ర కలపొచ్చు, అది ల్యాబ్‌లో తప్ప తేలదు.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే "ఆకు పవర్ అలాంటిది సార్, సగం చెంచా వేయండి" అన్నాడు, లైసెన్స్ నంబరు అడగ్గానే బ్లాక్ చేశాడు. డబ్బా మీద ఆహార పదార్థాలకిచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఒక్కటే ఉంది. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండి తీరాలి. అసలు షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటన చూసినప్పుడే పక్కకు తప్పుకోవాల్సింది.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు డబ్బా పారేయకండి, బిల్లుతో సహా దాచి మీ డాక్టరుకి చూపించండి, జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇవ్వండి. మేమిచ్చాం. ఈలోగా అదే ఫోన్ నంబరుతో, డబ్బా రంగు మార్చి, ఈసారి "నేరేడు గింజల పొడి" అని ప్రకటన వస్తోంది.