పచ్చ సీసా సోజు, తెల్లటి మక్గొల్లి: నల్గొండ నాలుకకు ఏది నప్పుతుంది?

హైదరాబాద్‌లో కొరియన్ బార్‌కు పోయి, సోజు అనే కొరియా మందు తాగి వచ్చిన మనోళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "నీళ్ల లెక్క ఉంది, అసలు ఎక్కలే." సోజును ఒట్టిగా, విస్కీ పెగ్గులాగా తాగితే అట్లనే అనిపిస్తుంది. అది తిండితో కలిపి తాగాల్సిన మందు. సియోల్ బార్లలో మందు పక్కన తినేదాన్ని అంజు అంటారు, చాలాచోట్ల అది చెప్పకుండా సీసా ఒక్కటే అడిగితే బాగుండదు.

ఎక్కదన్న మాట మాత్రం తప్పు. చమిసుల్ ఫ్రెష్ అనే బ్రాండు సోజు సీసా 360 మి.లీ., ఆల్కహాల్ 16 శాతం. అంటే సీసాలో అసలు ఆల్కహాల్ దాదాపు 58 మి.లీ. మన 180 మి.లీ. క్వార్టర్‌లో, 42.8 శాతం లెక్కన, 77 మి.లీ. ఉంటుంది. ఒక సీసా సోజు ముప్పావు క్వార్టర్ అన్నమాట, రెండు సీసాలు క్వార్టరున్నర. గొంతులో మంట లేకపోవడంతో 50 మి.లీ. గ్లాసులు ఏడూ చకచకా దిగిపోతాయి, దెబ్బ తర్వాత తెలుస్తుంది. ఎల్బీ నగర్ దాటి నార్కట్‌పల్లి వైపు బండి తీసే ఆలోచన ఉంటే సీసా ముట్టొద్దు.

కారం తినే మనకు ఎర్ర మూత చమిసుల్ ఒరిజినల్ మేలు. 20.1 శాతం ఉంటుంది, బోటి వేపుడు, మటన్ పక్కన కూడా దాని రుచి తెలుస్తుంది. ఫ్రెష్ అయితే ఆ మసాలాలో కనపడకుండా పోతుంది. పండ్ల ఫ్లేవర్లవి 13 శాతం దగ్గర ఉంటాయి, తీపి ఎక్కువ, రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది. ఏదైనా బాగా చల్లగా ఉండాలి, ఐసు మాత్రం వేయొద్దు, ఉన్న కాస్త రుచీ పోతుంది.

సోజు, బీరు కలిపే సోమెక్‌కు కొరియాలో బాగా నడిచే కొలత మూడు వంతులు సోజు, ఏడు వంతులు బీరు. 200 మి.లీ. గ్లాసైతే 60 మి.లీ. సోజు పోసి, మీద 140 బీరు. 4.5 శాతం లైట్ బీరుతో అది 8 శాతం దగ్గర ఆగుతుంది. మన దగ్గర అలవాటు కొద్దీ స్ట్రాంగ్ బీరు పోస్తారు, అది 10 దాటుతుంది, చేదు కూడా మిగులుతుంది. లైట్ దొరక్కపోతే సోమెక్ మానుకోవడమే నయం.

బల్ల దగ్గరి పద్ధతులు మనవాళ్లకు వెంటనే నచ్చేవే. ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాళ్లు పోస్తారు. పెద్దవాళ్లకు రెండు చేతులతో పోయాలి, వాళ్ల ముందు తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి. గ్లాసు పూర్తిగా ఖాళీ కాకముందు మళ్లీ పోయకూడదు, సగం గ్లాసు మీద పోయడం చనిపోయినవాళ్లకు చేసే క్రతువులో పద్ధతి. హైదరాబాద్ బార్లలో ఇది చెప్పేవాళ్లు తక్కువ, ముందే తెలుసుకుని పోతే కూర్చోవడం హాయిగా ఉంటుంది.

ఇక అసలు మెచ్చాల్సింది మక్గొల్లి. బియ్యం, నూరుక్ అనే పులియబెట్టే ముద్దతో చేస్తారు, 6 శాతం దగ్గర ఉంటుంది. ఈత కల్లు తాగినవాళ్లకు ఆ తెలుపు, పులుపు, సన్నటి నురగ కొత్తేమీ కాదు. అడుగున తేరిన మడ్డిని కలపాలి కానీ సీసాను ఊపొద్దు, మెల్లగా తలకిందులు చేసి మళ్లీ నిలబెట్టాలి. ఊపితే మూత తీయగానే సగం బల్ల మీదే.

దానికి జోడీ సియోల్ గ్వాంగ్‌జాంగ్ బజార్‌లో వేయించే బిందెత్తోక్ అనే పెసర అట్టు. పెసరపప్పు కప్పు నాలుగు గంటలు నానబెట్టి, రెండు చెంచాల నానిన బియ్యంతో బరకగా రుబ్బాలి. నీరు పిండేసిన కిమ్చి (కారం పట్టించి పులియబెట్టిన క్యాబేజీ), ఉల్లికాడలు, పెసర మొలకలు కలిపి, వేలు మందాన పోసి, నూనె ధారాళంగా వేసి వేయించాలి. పెసరట్టులా పల్చగా తిప్పితే పెళుసుగా విరుగుతుంది. కిమ్చి పిండకపోతే పిండి జారి, తిప్పేటప్పుడు చీలిపోతుంది. రెండు చెంచాల సోయా సాస్, చెంచా వెనిగర్, చిటికెడు కారం కలిపి పక్కన పెట్టుకోండి. గుడాలు, బజ్జీలు తినే ఊళ్లో ఇది నచ్చకపోయే ప్రశ్నే లేదు.

కొరియా నుంచి వచ్చేవాళ్లు విమానంలో రెండు లీటర్ల మందు తెచ్చుకోవచ్చు, 360 మి.లీ. సీసాలు ఐదు సరిపోతాయి. తాజా మక్గొల్లి మాత్రం పెట్టెలో పెట్టొద్దు. అది సీసాలో ఇంకా పులుస్తూనే ఉంటుంది, గ్యాసు పోవడానికి మూత పూర్తిగా బిగిసి ఉండదు. పడుకోబెడితే కారుతుంది, వేడికి పులుపు ముదురుతుంది. పాశ్చరైజ్ చేసింది తెచ్చుకుంటే ఆ నురగ తగ్గుతుంది కానీ ఇంటి దాకా చెడకుండా వస్తుంది.