నల్గొండలో ఫోటో జర్నలిజం కోర్సుకు పైసలు కట్టేముందు ఇది చదవండి

ఫోటో జర్నలిజం నేర్చుకుందామని చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు జర జాగ్రత్త. "మూడు నెలల కోర్సు, చివర్ల ప్రెస్ కార్డు గ్యారంటీ" అని వాట్సాప్ స్టేటస్‌లు పెట్టి పిల్లలను చేర్చుకుంటున్న ఒక సెంటర్‌లో పద్దెనిమిది వేలు కట్టి చేరాను. సగంలోనే బయటికి వచ్చేశాను. మిగతా ఫీజు అడిగితే, రసీదు వెనుక చిన్న అక్షరాల్లో "వాపసు లేదు" అని ఉన్నది చూపించారు.

నేర్పింది చాలావరకు పెళ్లి ఫోటోల పనే. అది తక్కువ విద్యేం కాదు, కానీ ఏ స్టూడియోలోనో పనికి కుదిరితే పైసా కట్టకుండానే వస్తుంది.

నేను బయటికి వచ్చింది మాత్రం అందుకు కాదు. ప్రాక్టికల్స్ అని వడ్ల కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లారు. ఒక పెద్దాయన కాంటా కోసం చూస్తూ కుప్ప పక్కన బీడీ తాగుతున్నాడు. మా సారు ఆ బీడీ పారేయించి, "తాతా, జర నెత్తిమీద చెయ్యి పెట్టుకో, కిందికి చూడు" అన్నాడు. ఆయన పాపం చెప్పినట్టే కూర్చున్నాడు. "వానకు పంట తడిసి కన్నీరు పెడుతున్న రైతు" అని మాతో క్యాప్షన్ రాయించారు. ఆయన వడ్లు తడవనే లేదు. పేరేంది, ఏ ఊరు అని కూడా ఎవరూ అడగలేదు.

ఇది పచ్చి అబద్ధం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది అని అడిగి రాసుకోవడమే ఈ పనిలో మొదటి పాఠం. బ్రస్సెల్స్‌లో తీసిన ఒక ఫోటోకు షార్లెరోయ్ అని ఊరు తప్పు చెప్పినందుకు 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో అనే అంతర్జాతీయ ఫోటో పోటీ వాళ్లు ఇచ్చిన మొదటి బహుమతినే వెనక్కి తీసుకున్నారు. మన జిల్లాలో చూపించాల్సిన నిజాలు లేకనా? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిపోయినవాళ్లను ఇట్లా కూర్చో, అట్లా చూడు అని ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

ఇక ఆ కార్డు సంగతి. అది వాళ్లు సొంతంగా కొట్టించిన ఐడీ కార్డు, అంతే. ప్రభుత్వ అక్రిడిటేషన్, అంటే జర్నలిస్టు అని సర్కారు ఇచ్చే గుర్తింపు, సమాచార పౌర సంబంధాల శాఖ ఇస్తుంది, అదీ మీడియాలో పనిచేసేవాళ్లకు. అనుమానముంటే జిల్లా పౌర సంబంధాల అధికారి (డీపీఆర్వో) ఆఫీసుకు పోయి అడగండి.

ఎక్కడ చేరినా ముందు, చెప్పే సారు పేరుతో పేపర్లో అచ్చయిన ఫోటోలు చూపించమనండి. ఒక క్లాసు కూర్చొని విన్నాకే ఫీజు మాట్లాడండి. మొత్తం ఒకేసారి కట్టొద్దు. ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్లు రసీదు, వాళ్ల స్టేటస్ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, కలిసి వచ్చేవాళ్లు మెసేజ్ పెట్టండి.