తల తిప్పే కెమెరా: నా ఎఫ్‌పీవీ ప్లేన్‌లో ఇప్పటికీ పీకేయని భాగం

ఎఫ్‌పీవీ అంటే ప్లేన్ మీది కెమెరా పంపే బొమ్మని గాగుల్స్‌లో చూస్తూ ఎగరేయడం. ఆ గాగుల్స్, వాటికి బొమ్మని పంపే వీడియో ట్రాన్స్‌మిటర్, ప్లేన్‌ని అదుపు చేసే బోర్డైన ఫ్లైట్ కంట్రోలర్ గురించి ఇప్పటికే చాలామంది చెప్పేశారు. వాటి జోలికి పోను. నా గోలంతా కెమెరా కింద ఉన్న చిన్న సర్వో గురించి, అంటే చెప్పిన కోణానికి తిరిగే బుల్లి మోటారు గురించి. రెండొందల రూపాయల లోపు సరుకు. వెనక ప్రొపెల్లర్ ఉండే బిక్స్‌లర్ తరహా ఫోమ్ ప్లేన్ ముక్కు మీద దాన్ని బిగించి, దానిపైన కెమెరా పెట్టాను. చేతిలోని రేడియో (రిమోట్) మీద స్లైడర్ జరిపితే కెమెరా కుడికీ ఎడమకీ తిరుగుతుంది. రెండు ఎండాకాలాలుగా వాడుతున్నాను.

క్వాడ్, అంటే నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్, ఎగరేసేవాళ్ళకి ఇది అనవసరపు బరువు అనిపిస్తుంది. వాళ్ళు చూడాలనుకున్న వైపుకి క్వాడ్‌నే తిప్పుకుంటారు. ప్లేన్ అలా కాదు, గాలిలో ఆగదు. మాది ఖమ్మం దగ్గర ఊరు. వరి కోతలయ్యాక మళ్ళే మా రన్‌వే. దిగాలంటే ముందు మడికి సమాంతరంగా ఎదురు దిక్కున పోయి, రెండుసార్లు ఎడమకి తిరిగి, గాలికి ఎదురుగా దిగాలి. కెమెరా కదలకుండా ముందుకే చూస్తుంటే, అసలు అవసరమైన సమయంలో మడి కనిపించదు. చెరువు కట్ట వచ్చిందంటే తిరగాలి, రెండు తాటిచెట్లు దాటితే మళ్ళీ తిరగాలి, ఇలా గుర్తులు పెట్టుకుని అంచనా మీద దిగడమే. గాలి దిశ మారిన రోజు ఆ గుర్తులు పనికిరావు.

స్లైడర్ ఎడమకి జరిపిన మొదటిసారి రెక్క చివర, దాని పక్కనే మా మడి, గట్టు మీద నా బండి, బండి పక్కన గాగుల్స్ పెట్టుకుని నిలబడ్డ నేను కనిపించాను. నన్ను నేను పైనుంచి చూసుకుంటూ ఎక్కడ తిరగాలో చూసే తేల్చుకున్నాను. ఆ రోజు ల్యాండింగ్‌లో టెన్షన్ లేదు. తర్వాత కొన్ని నెలలు కనపడ్డ ప్రతివాడికీ చెప్పాను: ప్లేన్‌కి ముందు సర్వో పెట్టు, మిగతావన్నీ తర్వాత చూసుకో అని.

బిగించడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. ముక్కు బరువెక్కింది కాబట్టి బ్యాటరీని కాస్త వెనక్కి జరిపాను. ఒక విషయం మాత్రం పట్టించుకోండి. సర్వోకీ కెమెరాకీ ఒకే ఐదు వోల్టుల లైను ఇస్తే, సర్వో కదిలినప్పుడల్లా బొమ్మలో గీతలు వచ్చే అవకాశం ఉంది. నేను వాడే ఫ్లైట్ కంట్రోలర్ మాటెక్ ఎఫ్405 వింగ్‌లో సర్వోలకి కరెంటు విడిగా వస్తుంది, కెమెరాకి విడిగా వస్తుంది. అందుకే నాకు ఆ బాధ లేదు.

ఇక అసలు సంగతి.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం. గాలి పెద్దగా లేదు. ప్లేన్ చెరువు మీద ఉంది. కెమెరా ఎడమకి తిప్పి నీళ్ళు చూస్తున్నాను. చాలనుకుని స్లైడర్ మధ్యకి తెచ్చాను. బొమ్మ కదల్లేదు. ఎడమ వైపే చూస్తోంది.

బస్సులో ఎడమ కిటికీ లోంచి మాత్రమే చూస్తూ ఆ బస్సు నడపాలంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎడమకి వంచితే తెర నిండా నేల. కుడికి వంచితే తెర నిండా ఆకాశం. ముక్కు పైకెత్తితే ఆకాశం, నేల కలిసే గీత పక్కకి వాలుతుంది. చేతులకి అలవాటైనవన్నీ తారుమారయ్యాయి. వెంటనే స్టిక్స్ వదిలేసి యాంగిల్ మోడ్ స్విచ్ వేశాను. ప్లేన్ తనంతట తాను రెక్కలు సమంగా పెట్టుకుంది. కానీ ఎటు పోతోందో తెలియదు.

నేను గాగుల్స్‌లో ఉన్నంతసేపూ ప్లేన్‌ని కళ్ళతో చూసేది మా అన్నయ్య కొడుకు. 2021 డ్రోన్ నియమాలు మోడల్ విమానాన్ని కంటికి కనిపించే దూరంలోనే ఎగరేయాలంటాయి. అందుకని వాడు లేకుండా నేను గాగుల్స్ పెట్టుకోను. గాగుల్స్ తీసి ఆకాశంలో ఆ తెల్ల చుక్కని వెతుక్కునేలోపు అది ఎంత దూరం పోతుందోనని భయం.

"బాబాయ్, ఎటు పోతున్నావ్? కట్ట దాటేస్తోంది" అన్నాడు.

"కెమెరా ఇరుక్కుపోయిందిరా. నువ్వు మాత్రం దాని మీంచి చూపు తిప్పకు."

ఇక్కడ ఐనావ్, అంటే నా ఫ్లైట్ కంట్రోలర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్, గురించి ఒక మాట చెప్పాలి. తెర మీద ఇంటి వైపు, అంటే ప్లేన్ ఎగిరిన చోటు వైపు, చూపించే బాణం ఉంటుంది కదా, దానికీ కెమెరా సర్వోకీ ముడిపెట్టే సెట్టింగ్ అందులో ఉంది. పాన్ సర్వో ఇండెక్స్ అంటారు, సీఎల్ఐలో, అంటే ఆజ్ఞలు టైపు చేసే తెరలో, పెట్టుకోవాలి. కెమెరాని ఎడమకి తిప్పితే, ఆ మేరకు బాణాన్ని కూడా సర్ది చూపిస్తుంది. బాగుంది. కానీ కెమెరా నిజంగా తిరిగిందో లేదో దానికి తెలిసే దారి లేదు. మనం ఏం ఆజ్ఞ ఇచ్చామో దాన్నే నమ్ముతుంది.

స్లైడర్ ఇంకోసారి అటూ ఇటూ జరిపాను. బాణం తిరిగింది, బొమ్మ తిరగలేదు. పోయింది సర్వోయే అని అప్పుడు ఖాయమైంది. ఇంకో మేలు కూడా జరిగింది. స్లైడర్ సరిగ్గా మధ్యలో పెడితే, కెమెరా ఎటు చూస్తున్నా, బాణం ప్లేన్ ముక్కుని బట్టే ఉంటుంది. ఇక బొమ్మని పట్టించుకోవడం మానేశాను. బాణం నిటారుగా పైకి వచ్చేదాకా కుడికి మెల్లగా వంచి ఉంచాను. చూపు మాటిమాటికీ నీళ్ళ మీదికే పోతోంది, బలవంతాన బాణం మీదికి తెచ్చుకుంటున్నాను. ప్లేన్‌ని తనంతట తానే వెనక్కి రప్పించే రిటర్న్ టు హోమ్ స్విచ్ మీద వేలు ఉంది కానీ, బాణం దొరికాక దాని అవసరం పడలేదు.

"ఆ, ఇప్పుడు మన దిక్కే వస్తోంది బాబాయ్."

వాడి మాట విన్నాక గాగుల్స్ తీసి, కళ్ళతో చూస్తూ దింపాను. కొయ్యకాళ్ళ మీద కాస్త గట్టిగానే తగిలింది, ఫోమ్ చెక్కుచెదరలేదు. సర్వో విప్పి చూస్తే లోపల ప్లాస్టిక్ గేరుకి రెండు పళ్ళు లేవు. ఆ సర్వో చేసినవాళ్ళని అంతగా తిట్టను. ప్రతి కుదుపుకీ ముక్కు మీది కెమెరా బరువంతా ఆ పళ్ళ మీదే పడుతుంది. కానీ రెక్కల్లో అదే రకం సర్వోలు ఉన్నాయని గుర్తొచ్చి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. వాటిని కూడా మార్చేశాను.

ఇప్పుడున్నది మెటల్ గేరు సర్వో. బరువు కాస్త ఎక్కువ, నేల మీద ఉన్నప్పుడు గుర్రుమంటూ ఉంటుంది. రేడియోలో దాని వేగం తగ్గించాను, తిరిగే కోణాన్ని రెండు వైపులా అరవై డిగ్రీల దగ్గర ఆపేశాను. మళ్ళీ ఇరుక్కున్నా ముందున్నది తెర అంచున కాస్తయినా కనిపించాలని. వెడల్పుగా చూపించే 2.1 మిల్లీమీటర్ల లెన్స్ కాబట్టి కనిపిస్తోంది.

మొదట్లో నేను చేసిన ప్రచారం కొంచెం ఎక్కువే. నిజానికి ఇప్పుడు దీన్ని వాడేది దిగేముందు ఎడమకి తిరిగే ఆ కాసేపే. దూరంగా ఉన్నప్పుడు స్లైడర్ ముట్టుకోను. మొన్నటి నుంచి దాన్ని స్లైడర్ మీంచి తీసి మూడు స్థానాల స్విచ్ మీద పెట్టాను. మధ్య ఎక్కడుందో వేలికి తెలుస్తుంది.

మరి పెట్టుకోవాలా? నాది నెమ్మది ప్లేన్. చుట్టూ ఖాళీ మళ్ళు, పక్కన చూసిపెట్టే మనిషి. నాకు కళ్ళద్దాలు కాబట్టి డబ్బాలాంటి గాగుల్స్, వాటిలో తల కదలికని పట్టి కెమెరాని తిప్పే సదుపాయం లేదు. ఈ పరిస్థితుల్లో నాకు ఇది కావాలి. ఒంటరిగా ఎగరేసేవాళ్ళకి, ముక్కులో చోటు లేని ఫ్లయింగ్ వింగ్ (తోక లేకుండా అంతా రెక్కే ఉండే ప్లేన్) వాళ్ళకి నేను చెప్పను. పెట్టుకునేవాళ్ళు మాత్రం సర్వోతో పాటు కెమెరా వైరు ఒకటి అదనంగా తెప్పించుకోండి. తిరిగి తిరిగి అది కనెక్టర్ దగ్గరే తెగుతుంది, నాది ఇప్పటికే ఒకసారి తెగింది. కాస్త వదులుగా చుట్ట వదిలి బిగిస్తే ఎక్కువ రోజులు వస్తుంది.