రిటర్న్ టికెట్ ఉన్నవాళ్లు బ్యాగ్ ట్యాగ్ చెత్తబుట్టలో వేయకండి

ఆ ఎయిర్‌లైన్ పేరు నేను చెప్పక్కర్లేదు, వాళ్ల ఆఫర్ల మెసేజీలు మీ ఫోన్‌కీ వస్తూనే ఉంటాయి. అందులో తిరుగు టికెట్ ఉన్నవాళ్లు ఇది చదవడం ఆపి ముందు మీ బుకింగ్ ఉందో లేదో చూసుకోండి. మాది లేదు. నాకూ మా చెల్లికీ కలిపి రానుపోను టికెట్లు కొన్నాను, వెళ్లడం అయింది, తిరుగు ప్రయాణానికి వెబ్ చెకిన్ చేద్దామని కూర్చుంటే "బుకింగ్ దొరకలేదు" అని వచ్చింది. ఇక కస్టమర్ కేర్. బోలెడంత మ్యూజిక్ విన్నాక ఒకాయన లైన్‌లోకి వచ్చాడు.

"మీరే క్యాన్సిల్ చేసుకున్నారు కదా మేడమ్."

నేను చేయలేదన్నాను.

"ఇంటిపేరు, పీఎన్‌ఆర్ రెండూ కరెక్టుగా కొట్టారు మేడమ్. అంటే మీరే."

సరే, డబ్బులేవి అన్నాను. వోచర్‌గా ఈమెయిల్‌కి పంపాం అన్నాడు. నాకు రాలేదే! క్యాన్సిల్ చేసేముందు బుకింగ్‌లో ఈమెయిల్ మార్చుకున్నారట, కొత్తదానికి వెళ్లిందట. ఆ కొత్త ఈమెయిల్ ఏమిటో చెప్పండి అన్నాను. అప్పుడు ఆ మహానుభావుడు అన్న మాట జన్మలో మర్చిపోను.

"సారీ మేడమ్, అది ప్రైవసీ. వేరేవాళ్ల వివరాలు మీకు చెప్పకూడదు."

వేరేవాళ్లట! అర నిమిషం క్రితం దాకా క్యాన్సిల్ చేసింది నేనే. ఈమెయిల్ అడిగేసరికి వేరేవాళ్లు అయిపోయారు. అదే మాట అతనికి తిప్పి చెప్పాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?" అంటే ఇప్పటిదాకా చేసింది సహాయం అన్నమాట. కంప్లయింట్ పెట్టాలంటే పాస్‌పోర్ట్ స్కాన్, ఇంకో గుర్తింపు కార్డు, పాస్‌పోర్ట్ చేత్తో పట్టుకుని సెల్ఫీ పంపాలట. నా టికెట్ ఎగరగొట్టడానికి రెండు ముక్కలు చాలు. పోయిందని మొరపెట్టుకోవడానికి మాత్రం నా మొహం కావాలి.

ఆ రెండు ముక్కలు దొంగకి ఎలా దొరికాయి అంటారా? దిగగానే నా బ్యాగ్‌కి ఉన్న ట్యాగ్ పీకి అక్కడే బుట్టలో పడేశాను. అదే అయ్యుంటుందని నా అనుమానం. చెల్లి బ్యాగ్‌కి ఇంకా వేలాడుతోంది కాబట్టి తీసి చూశాను. ఇంటిపేరు, స్లాష్, పేరు, ఆ పక్కనే ఆరు అక్షరాల పీఎన్‌ఆర్. దాచింది లేదు, చుక్కలు పెట్టింది లేదు. బ్యాంక్ పిన్ దేవుడడిగినా చెప్పను నేను. టికెట్ పాస్‌వర్డ్‌ని మాత్రం పెట్టెకి కట్టి బెల్ట్ మీద ఊరేగించాను. ఏం తెలివి! (చెల్లి నన్ను చూసిన చూపు గురించి రాయాలంటే ఇంకో పోస్ట్ కావాలి.)

పైగా ఇదేమీ కొత్త సంగతి కాదట, అందుకే ఇంకా మండుతోంది. 2016 డిసెంబర్‌లో జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో కార్‌స్టెన్ నోల్, నెమాన్యా నికోడియెవిచ్ అనే ఇద్దరు స్టేజీ ఎక్కి మరీ ఇదంతా చూపించారు. అమడేయస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ అనే మూడు సిస్టమ్‌ల గుండానే ప్రపంచంలో బోలెడు బుకింగులు పోతాయి. వాటి పునాదులు ఇంటర్నెట్ మన ఇళ్లకి రాకముందువి. ఆ రోజుల్లో పీఎన్‌ఆర్ అంటే ఏజెంట్లకి ఫైలు నంబరు, అంతే. తర్వాత ఎయిర్‌లైన్లు వెబ్‌సైట్లు పెట్టాయి. పాస్‌వర్డ్ పెట్టడానికి బద్ధకించి ఆ ఫైలు నంబరునే తాళంచెవి చేసేశాయి. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, అందులోని కోడ్‌తో ఒక హ్యాకర్ ఎయిర్‌లైన్ సైట్‌లోకి వెళ్లి పేజీ సోర్స్‌లో (పేజీ వెనక దాగి ఉండే రాతలో) ఆయన పాస్‌పోర్ట్ నంబరు, ఫోన్ నంబరు చదివేశాడు. మాజీ ప్రధానికే దిక్కు లేదు, ఇక మనమెంత.

అసలు మన వివరాల మీద వీళ్లకి ప్రేమ లేదనుకోకండి, బోలెడంత ఉంది. పాస్‌పోర్ట్ చూపించు, వేలు పెట్టు, కెమెరా వైపు చూడు. ఏం తిన్నావో, ఎవరి పక్కన కూర్చున్నావో అన్నీ రికార్డే. ప్రభుత్వాలకీ అదే ముద్దు. 2016 నాటి యూరప్ పీఎన్‌ఆర్ చట్టం ప్రయాణికుల వివరాలు ఐదేళ్లు ఉంచమంది. ఏ ముప్పూ లేని మామూలు ప్రయాణికుల వివరాలు ఆరు నెలలు దాటి ఉంచకూడదని 2022లో యూరప్ న్యాయస్థానం చెప్పాల్సి వచ్చింది. ఇంత పోగేసేవాళ్లు ఆ కొట్టు తలుపుకి ఒక గడియ పెట్టలేరా? క్యాన్సిల్ చేసేముందు పాత ఫోన్‌కి ఒక ఓటీపీ పంపితే చాలు. రీఫండ్ ఏ కార్డుతో కొన్నామో ఆ కార్డుకే వేస్తే దొంగకి దక్కేదే ఉండదు. ఇక ట్యాగ్ సంగతి. పెట్టెని దారి తప్పకుండా చేర్చేది బార్‌కోడ్‌లో ఉండే 10 అంకెల నంబరు. దానికి నా పీఎన్‌ఆర్‌తో ఏం పని? నియంత్రణ సంస్థలు ఒక్క ఆర్డర్ వేస్తే రేపు పొద్దున్నకల్లా అది ప్రింటవడం ఆగిపోతుంది. వేయరు.

జాగ్రత్తలు రాయడం మర్చిపోయాను. ట్యాగ్, బోర్డింగ్ పాస్ ఇంటికి తెచ్చి ముక్కలు చేయండి. ఫొటో పెట్టొద్దు. కోడ్ మీద వేలు అడ్డం పెట్టాం కదా అనుకోకండి, బోర్డింగ్ పాస్ మీది బార్‌కోడ్ స్కాన్ చేసినా పేరూ కోడూ వచ్చేస్తాయి. ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లు ఫోన్‌లో అరిచి లాభం లేదు. మీ బుకింగ్ ఎప్పుడు, ఎక్కడి నుంచి మార్చారో ఆ లాగ్ (సిస్టమ్‌లో నమోదైన రికార్డు) కావాలని మెయిల్‌లో అడగండి. యూరప్ జీడీపీఆర్ (వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం) వర్తించే చోట మామూలుగా నెలలోపు జవాబివ్వాలి.

ఇదే ఎయిర్‌లైన్‌లో ఇలా పోయిన డబ్బు ఎవరికైనా వెనక్కి వచ్చిందా? వస్తే ఏ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టారో కామెంట్‌లో చెప్పండి. "ఓపిక పట్టండి" అని మాత్రం రాయకండి.