బ్లేడు సందు ఎంత ఉండాలి: రాక్‌వెల్ 6ఎస్ సేఫ్టీ రేజరు సమీక్ష

సేఫ్టీ రేజరు కొనదలచిన వారు ముందుగా తెలుసుకోగోరేది అది మెత్తగా గీస్తుందా, కరుకుగా గీస్తుందా అన్న సంగతి. రాక్‌వెల్ 6ఎస్ ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా, తేల్చుకునే పనిని మనకే అప్పగిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఈ రేజరులో పైమూత, అడుగుపలక, పిడి అని మూడు భాగాలుంటాయి. అడుగుపలకలు మాత్రం మూడు ఇస్తారు. ఒక్కొక్క పలక రెండు ముఖాలూ వేరువేరు కొలతల్లో ఉంటాయి కనుక ఆరు రకాల బ్లేడు సందులు మన చేతికి వస్తాయి. 1 అన్న అంకె ఉన్న ముఖం అన్నిటికన్నా మెత్తనిది, 6 అన్నిటికన్నా కరుకైనది. ఏడాదికి పైగా దీనినే వాడిన తరువాత, ఈ ఆరింటిలో తనకు తగినదాన్ని ఎవరైనా ఎలా ఎంచుకోవాలో, అందులో లోహం పాత్ర ఎంతో, చేతి పాత్ర ఎంతో నాకు తోచినంతవరకు రాస్తున్నాను.

బ్లేడు సందు అంటే బ్లేడు అంచుకూ దాని కింద ఉండే రక్షణ కడ్డీకీ మధ్యనున్న ఎడం. వెంట్రుకలు, నురగ, వాటితోపాటు ఉబికివచ్చే కొంచెం చర్మం ఆ సందులోనుంచే అంచు దగ్గరకు చేరుతాయి. బ్లేడు మందమే ఒక మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది. రేజరుకూ రేజరుకూ మధ్య సందులో కనిపించే తేడాలు కూడా సాధారణంగా పదోవంతుల లెక్కలోనే ఉంటాయి. కంటికి ఆనని ఆ తేడాను చెంప వెంటనే పసిగడుతుంది. అయితే సందు ఒక్కటే రేజరు స్వభావాన్ని నిర్ణయించదు. పైమూత అంచు నుంచి రక్షణ కడ్డీ వరకు ఒక గీత గీసినట్టు ఊహించుకుంటే, బ్లేడు అంచు ఆ గీతకు లోపలే ఆగిపోయిందా, సరిగ్గా తాకుతోందా, దాటి బయటకు పొడుచుకు వచ్చిందా అన్నది కూడా అంతే ముఖ్యం. అందువల్ల ఒకే సందు ఉన్న రెండు రేజర్లలో ఒకటి నిమిరినట్టు గీస్తే, మరొకటి మొదటి రోజే రక్తం కళ్లచూడవచ్చు. వేరువేరు సంస్థల రేజర్ల సందు కొలతలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. 6ఎస్‌లో పైమూత మారదు, పలక ఒక్కటే మారుతుంది. కాబట్టి అంకె పెరిగితే కరుకుదనం పెరుగుతుందన్న మాటను ఇక్కడ నిశ్చింతగా నమ్మవచ్చు.

మూడో సంగతి బ్లేడును రేజరు ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది. జిలెట్ సంస్థను స్థాపించిన కింగ్ క్యాంప్ జిలెట్‌కు 1904లో వచ్చిన పేటెంటులో అసలు కీలకమే అది: బ్లేడు తనంత తాను నిలవలేనంత పలుచగా, వంగేలా ఉంటుంది, దానికి బిగువు బయటి పట్టునుంచి రావాలి. ఆ పట్టు అంచుకు దూరంగా ఆగిపోతే, మోటు వెంట్రుకలు తగిలినప్పుడు బ్లేడు సన్నగా అదురుతుంది. ఆ అదురును చాలామంది సందు ఎక్కువైనందువల్ల వచ్చినదిగా పొరబడతారు. ఈ రేజరులో 5వ పలకమీద, అంటే 5 అంకె ఉన్న ముఖం మీద కూడా నాకు అటువంటి అదురు తెలియలేదు.

నా సొంత పొరపాటును ఇక్కడ చెప్పక తప్పదు. భయంకొద్దీ 1వ అంకెతో మొదలుపెట్టి రెండు నెలలు దాని మీదే ఉండిపోయాను. చెంపల మీద పని సాగేది కాని, దవడ కింద మాత్రం ఒక్కొక్క చోట నాలుగైదుసార్లు గీస్తేనే గాని నునుపు వచ్చేది కాదు. మధ్యాహ్నానికి మెడ ఎర్రబడి మండేది. నా చర్మమే సుకుమారమైనదని, ఇంతకన్నా మెత్తని రేజరు దొరికితే బాగుండునని అనుకునేవాణ్ని. ఒక ఉదయం ఎందుకో రెండు వరుసల్లోనే, అంటే ముఖమంతా రెండుసార్లు గీయడంతోనే పని పూర్తయింది, మంట కూడా లేదు. రేజరు విప్పి తుడుస్తున్నప్పుడు తెలిసింది, పలకను తిరగేసి బిగించానని. 1కి వెనుక ముఖం 3. రెండు నెలలపాటు మెత్తదనం కోసం పాకులాడి మెడను కాల్చుకున్న నాకు, నిద్రమత్తులో జరిగిన పొరపాటే దారి చూపింది.

దీనికి కారణం ఆలోచిస్తే తేలికగానే అర్థమవుతుంది. సందు మరీ తక్కువైతే అంచు వెంట్రుక మొదటికి అందదు. అందనప్పుడు మనిషి తనకు తెలియకుండానే ఒత్తుతాడు. ఒత్తితే మూతకూ కడ్డీకీ మధ్య చర్మం ఉబికి నేరుగా అంచు మీదకు వస్తుంది, అంటే పలక ఇచ్చిన రక్షణను వేలి బరువే రద్దు చేస్తుంది. పైగా ఒకే చోట మళ్లీమళ్లీ గీసినప్పుడు మొదటి గీతకే నురగ పోతుంది, తరువాతి గీతలన్నీ పొడి చర్మం మీద పైపొరను లేపుతూ పోతాయి. సందు ఎక్కువైతే గాట్లు పడతాయని అందరికీ తెలుసు. తక్కువైతే మంట పుడుతుందన్న సంగతి మాత్రం కొత్తవారికి ఎవరూ చెప్పరు. నేను చివరకు పెట్టుకున్న కొలమానం ఇది: ఏమాత్రం ఒత్తకుండా రెండు వరుసల్లో పని ముగించగల పలకల్లో అతి చిన్న అంకె ఉన్నదే మనది.

అయితే ఆ పరీక్ష చేయడానికి ముందు చేయి సరిగ్గా ఉండాలి, లేకపోతే పలక తప్పేదో మన తప్పేదో తేలదు. కోణంతో మొదలుపెట్టాలి. పైమూత మాత్రమే చెంపకు ఆనేలా పిడిని ముఖానికి నిలువుగా, బయటకు పొడుచుకు వచ్చినట్టు పట్టుకుని, మెల్లగా గీస్తూ పిడిని కిందికి దించుతూ పోవాలి. ఒక చోట వెంట్రుకలు తెగుతున్న సన్నని చప్పుడు మొదలవుతుంది. పిడిని అక్కడే ఆపాలి. ఆ స్థితిలో బ్లేడుకూ చర్మానికీ మధ్య కోణం సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. లెక్కకన్నా చెవిని నమ్మడమే మేలు. 3వ పలక ఈ కోణంలో కొద్దిపాటి తేడాను మన్నిస్తుంది. 5వది మన్నించదు, పిడి కాస్త ఎక్కువ దిగితే చాలు గీకినట్టు తెలుస్తుంది. ఈ రేజరుకు బరువు బాగానే ఉంది కనుక అదనంగా ఒత్తవలసిన పని లేదు. పిడిని చివరన రెండు వేళ్లతో, బొటనవేలి ఆసరాతో పట్టుకుంటే ఒత్తుదామన్నా బలం చాలదు. ఈ ఒక్క అలవాటు నా మెడకు ఏ లేపనమూ చేయని మేలు చేసింది.

గీతలు రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి, ఎందుకంటే ముఖం మీద అంతకన్నా ఎక్కువ దూరం సమతలం దాదాపు ఎక్కడా దొరకదు. దవడ ఎముక దగ్గర చర్మాన్ని పైకి లాగి, ఎముక మీది భాగాన్ని చెంప మీదకు తెచ్చి గీయడం మంచిది. ఎముక అంచున నేరుగా గీస్తే ఏ పలకైనా గాటు పెడుతుంది. వెంట్రుకల వాలు సంగతి మరీ విచిత్రమైనది. చెంపల మీద చాలామందికి అది కిందికే ఉంటుంది కాని, మెడ మీద పైకి, పక్కకు, కొందరికి సుడిలాగా తిరుగుతూ కూడా ఉంటుంది. రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి వేలితో నాలుగు వైపులా నిమిరి చూసుకుంటే ఏ వైపు నున్నగా, ఏ వైపు గరుకుగా ఉందో తెలుస్తుంది. నా మెడకు కుడి పక్కన వాలు అడ్డంగా ఉందని ఇన్నేళ్ల తరువాత తెలుసుకున్నాను. మొదటి వరుస వాలున, రెండోది వాలుకు అడ్డంగా, మధ్యలో మళ్లీ నురగ పూసుకుని గీయాలి. ఎదురువాలున గీసే మూడో వరుస అందరికీ అవసరం లేదు. వెంట్రుకలు లోపలికి ముడుచుకుని కురుపులు లేచే చర్మమైతే దాన్ని మానుకోవడమే నయం.

గడ్డం ఎన్ని రోజులదన్నదాన్ని బట్టి కూడా పలక మారుతుంది. రోజూ గీసుకునేవారికి 2 లేదా 3 సరిపోతుంది. మూడు నాలుగు రోజుల గడ్డాన్ని చిన్న సందుతో గీయబోతే వెంట్రుకలూ నురగా అందులో ఇరుక్కుని రేజరు జారడం మొదలుపెడుతుంది. అక్కడ 4 లేదా 5 హాయిగా సాగుతుంది. మొదటి వరుసకు పెద్ద సందు, రెండోదానికి చిన్న సందు వాడాలన్న ఆశ నాకూ కలిగింది కాని, తడి చేతులతో రేజరు మొత్తం విప్పి బ్లేడును తాకుతూ పలక మార్చడం వివేకమైన పని కాదని ఒక్కసారికే తేలిపోయింది. జిలెట్ సంస్థ 1958లో 1 నుంచి 9 వరకు అంకెలున్న చక్రంతో తెచ్చిన రేజరూ, దాని అడుగుజాడల్లో వచ్చిన తిప్పుడు రేజర్లూ ఆ సౌకర్యాన్ని ఇస్తాయి. పలకల పద్ధతిలో ఆ వీలు లేకపోయినా, లోపల కదిలే యంత్రాంగం కూడా లేదు కనుక అరిగిపోయి సందు మారుతుందన్న బెంగ ఉండదు.

బ్లేడును ఈ లెక్కనుంచి వదిలేయడానికి లేదు. పదునైన బ్లేడు 3వ పలక మీద చేసే పనిని మొద్దుబారినది 5వ పలక మీద కూడా చేయలేదు. ఉక్కుకన్నా ఎన్నో రెట్లు మెత్తనైన వెంట్రుక, కొన్ని కోణాల్లో తగిలినప్పుడు అంచునుంచి సూక్ష్మమైన ముక్కలను ఎగరగొడుతుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో చూపించారు. మూడు నాలుగుసార్లు గడ్డం గీసుకున్న తరువాత బ్లేడు ఒక్కసారిగా పీకడం మొదలుపెడితే పలకను అనుమానించకుండా బ్లేడును మార్చాలి. పలకను పరీక్షిస్తున్న రోజుల్లో బ్లేడు రకాన్నీ, సబ్బునూ మార్చకపోవడం మంచిది. అన్నీ ఒకేసారి మార్చితే ఏది మేలు చేసిందో ఎన్నటికీ తెలియదు. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు గడ్డాన్ని నానబెట్టడం గురించి అందరూ చెప్పేదే కనుక నేను పొడిగించను.

బిగింపు విషయంలో ఒక మాట మాత్రం చెప్పాలి. పిడిని తిప్పి బిగించేటప్పుడు మూతనూ పలకనూ బ్లేడు పొట్టి చివరల వైపు పట్టుకుని నొక్కి ఉంచాలి. తరువాత వెలుతురుకు ఎదురుగా ఎత్తి రెండు పక్కలా సందు సమానంగా ఉందో లేదో చూడాలి. బ్లేడు ఒక పక్కకు జరిగి ఉంటే ఒకే రేజరులో ఒక వైపు 2, మరొక వైపు 4 ఉన్నట్టు అవుతుంది. ఆ తేడాను పలకకు అంటగట్టడం అన్యాయం.

తన సందు ఏదో ఇప్పటికే తెలిసినవారికి ఈ ఆరు ముఖాల అవసరం లేదు, ఒకే సందున్న మంచి రేజరు వారికి చాలు. కొత్తగా మొదలుపెట్టేవారికీ, నాలాగా మెడ మంటకు చర్మాన్ని నిందిస్తున్నవారికీ మాత్రం నాలుగు రేజర్లు కొని చూడడంకన్నా ఇదొక్కటి కొనడం మేలని సందేహం లేకుండా చెబుతాను. సబ్బు చేతికి పిడి కొంచెం జారవచ్చు, పట్టుకునే చోట పొడిగా తుడుచుకోవాలి. ప్రస్తుతం నేను మామూలు రోజుల్లో 3, రెండు రోజులు తప్పినప్పుడు 4 వాడుతున్నాను. 6వ ముఖాన్ని రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ పటిక రాయి వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు ఆ పలక పెట్టెలోనే ఉంటోంది.