దూడ తోలు మీద వేయించిన వంశ చిహ్నం: పదమూడేళ్ల తర్వాత

ఇంగ్లండ్‌లో మా మెట్టినింటివాళ్ల వంశ చిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఇది. సున్నంలో నానబెట్టి, బిగదీసి గీకి ఆరబెట్టిన దూడ తోలు (వెల్లం) మీద గవాష్ (నీళ్లతో కలిపే చిక్కటి) రంగులతో పదమూడేళ్ల కిందట చేత్తో వేయించింది. నీలం డాలు, దాని మీద ఏటవాలుగా బంగారు పట్టీ, మూడు వెండి నక్షత్రాలు. సైజు 40 × 30 సెం.మీ.

ఎక్కువ మార్కులు బంగారు పొడికే. తుమ్మబంకతో కలిపి పూసి, ఆరాక అగేటు రాయితో మెరుగుపెట్టిన అంచు గీతలు నిన్న వేసినట్టున్నాయి. పట్టీకి మాత్రం సుద్ద పూత మీద బంగారు రేకు అంటించారు. పూత మందమైన చోటల్లా వెంట్రుకంత పగుళ్లొచ్చాయి. తేమకు తోలు సాగుతుంది, ముడుచుకుంటుంది. సుద్ద కదలదు, చిట్లుతుంది.

వెండి రేకు దండగ. గాలిలోని గంధకం తగిలి నక్షత్రాల కొసలు ముందు గోధుమరంగు తిరిగి, తర్వాత నల్లబడ్డాయి. తుడిస్తే నలుపుతో పాటు రేకూ లేచొస్తుంది. అల్యూమినియం, పల్లాడియం రేకులు నల్లబడవు. అసలు వంశ చిహ్నాల శాస్త్రంలో (హెరాల్డ్రీలో) తెలుపు, వెండి ఒకటే. తెల్లరంగు వేసినా తప్పు లేదు. మీ చిహ్నంలో ఎరుపు ఉంటే, దానికి అలిజరిన్ రంగు వాడితే ఎండకి వెలిసిపోతుంది, కాడ్మియం అడగండి.

ఫ్రేము విషయంలో మోసపోయాం. మొదటి షాపువాళ్లు తోలును అట్టకి పూర్తిగా అంటించేశారు. చలికాలంలో హీటర్లు వేయగానే గది తేమ పడిపోయి, తోలు ముడుచుకుని అట్టనే విల్లులా వంచింది. రెండోసారి అంచులకు కాగితపు పట్టీలతో మాత్రమే నిలబెట్టి, చుట్టూ 4 మి.మీ. ఖాళీ, అద్దానికి బొమ్మకి మధ్య 5 మి.మీ. ఎడం ఉంచారు. గదిలో తేమ 45-55 శాతం ఉంటే చాలు. ఫైర్‌ప్లేసు పైన, చల్లగా ఉండే బయటి గోడకి పెట్టొద్దు.

బొమ్మ పాడైనా చిహ్నం పోదు, ఎందుకంటే అసలుది మాటల్లో ఉండే వర్ణన, అదే బ్లేజన్. 1596లో షేక్‌స్పియర్ తండ్రికి మంజూరైనదీ అలాంటి వర్ణనే: బంగారు డాలు, నల్ల పట్టీ, దాని మీద వెండి మొన ఉన్న బంగారు ఈటె. ఈటె ఎంత సన్నగా గీయాలన్నది చిత్రకారుడి ఇష్టం. ఇంటిపేరు చెబితే చాలు, మీ చిహ్నం ఇస్తామనే దుకాణాల జోలికి పోవద్దు. ఒకే ఇంటిపేరున్నవాళ్లందరిదీ ఒకే గోత్రం కానట్టే, చిహ్నం కూడా మంజూరైన మనిషికి, అతని వారసులకే చెందుతుంది.

మా బ్లేజన్‌ని ఫ్రేము వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసి పెట్టాం. మళ్లీ వేయిస్తే నక్షత్రాలకు తెల్లరంగే.